మానిటర్ వెలిగిన రెండు సెకన్లకే నల్లబడుతోంది, వారంటీ పోయిన నెలే అయిపోయింది. ఏం చేయమంటారు?

తెనాలి_ఆల్బమ్స్
సోమవారం, ఉదయం 10:42

అందరికీ నమస్కారం. తెనాలిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. షాపు ఓనర్నీ నేనే, పనివాణ్నీ నేనే. మూడేళ్ల వారంటీతో కొన్న 27 అంగుళాల ఐపీఎస్ మానిటర్ మీద పని చేస్తున్నాను. ఆ వారంటీ పోయిన నెలతో అయిపోయింది. అదెప్పుడు అయిపోతుందా అని కాచుక్కూర్చున్నట్టు మొన్న శనివారం మొరాయించింది. స్విచ్ వేస్తే బొమ్మ వస్తుంది, రెండు సెకన్లు నిలుస్తుంది, టక్కున నల్లబడిపోతుంది. అంచున ఉండే చిన్న లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. ఆపి మళ్లీ వేస్తే మళ్లీ అదే. ఆ రెండు సెకన్లలో పెళ్లికూతురి తల మీద తలంబ్రాలు పోస్తున్న పేజీ ఒకసారి కనిపించి మాయమవుతోంది.

గుంటూరులో ఉన్న కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ప్లగ్ పెట్టి చూశారు. వెనక మూత కూడా విప్పలేదు, "ప్యానెల్ పోయింది సార్" అన్నారు, అంటే బొమ్మ వచ్చే తెర భాగం మొత్తం. చూసినందుకు 590 కట్టించుకున్నారు. కొత్త ప్యానెల్ 12,800, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 15,104 అని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అదే సైజు కొత్త మానిటర్ 18 వేలకి దొరుకుతోంది.

చేతిలో ముహూర్తాల పని చాలా ఉంది. ప్రస్తుతం ఇంట్లో టీవీకి కంప్యూటర్ తగిలించి లాగిస్తున్నాను, రంగులు మాత్రం అసలు నమ్మేలా లేవు. బాగు చేయించాలా, కొత్తది కొనాలా, కంపెనీతో గొడవ పడాలా?

బావమరిది_999
సోమవారం, ఉదయం 10:58

15 వేలు పెట్టి పాతది బాగు చేయించే బదులు ఇంకో మూడు వేలు కలిపి కొత్తది తెచ్చుకో బ్రో. మళ్లీ మూడేళ్లు నిశ్చింత. టాపిక్ క్లోజ్.

సోల్డర్_గన్
సోమవారం, ఉదయం 11:31

అప్పుడే క్లోజ్ చేయకండి. 15 వేలన్నది వాళ్లు మార్చాలనుకున్న భాగం ధర. పోయిన భాగం అదేనని ఎవరు చెప్పారు? కంపెనీ సర్వీస్ సెంటర్లలో చాలావరకు లోపలి చిన్న భాగాలు బాగు చేయరు. ప్యానెల్ అంటే ప్యానెల్ మొత్తం, బోర్డు అంటే బోర్డు మొత్తం మార్చేస్తారు. వాళ్ల పద్ధతి అది, తప్పనను. కానీ మీ జేబుకి ఆ పద్ధతి సరిపడదు.

తెనాలి గారూ, రాత్రి గదిలో లైట్లు ఆపి రెండు పనులు చేయండి. తెర నల్లబడ్డాక సెల్‌ఫోన్ టార్చ్ తెరకి బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టి చూడండి. మసగ్గా అయినా బొమ్మ కనిపిస్తోందా? రెండోది, ఆన్ చేసిన వెంటనే మానిటర్ కింద ఉండే మెనూ బటన్ నొక్కండి. ఆ మెనూ కూడా బొమ్మతో పాటే పోతోందా? దానితో పాటు, మెనూలో వెలుగు ఎంతలో పెట్టి వాడుతున్నారో చెప్పండి.

తెనాలి_ఆల్బమ్స్
సోమవారం, రాత్రి 9:15

సోల్డర్_గన్ గారూ, చేశాను. టార్చ్ పెడితే ఫొటోషాప్ పేజీ మొత్తం కనిపిస్తోంది! నీళ్లలో మునిగిన కాగితంలా ఉంది కానీ లేయర్ల పేర్లు కూడా చదవగలుగుతున్నాను. మౌస్ కదిపితే బాణం కదులుతోంది. మెనూ కూడా బొమ్మతో పాటే పోయింది. వెలుగు కొన్నప్పటి నుంచీ 100లోనే ఉంది. ఆ రెండు సెకన్ల సందుల్లో బటన్లు గబగబా నొక్కి ఎలాగో 10కి దించాను. ఇప్పుడు పది నిమిషాలుగా వెలుగుతూనే ఉంది! 30కి పెంచితే మళ్లీ పోయింది.

సోల్డర్_గన్
సోమవారం, రాత్రి 9:50

అయితే సగం సంగతి తేలిపోయింది. టార్చ్‌లో బొమ్మ కనిపించిందంటే గాజు, దాని వెనక బొమ్మ గీసే వలయం అన్నీ బాగున్నట్టే. దాని వెనక నుంచి వెలుగిచ్చే బ్యాక్‌లైట్ పోయింది. మెనూ కూడా మాయమవుతోంది కాబట్టి మీ కంప్యూటర్‌దీ కేబుల్‌దీ తప్పు లేదు, ఎందుకంటే ఆ మెనూని మానిటర్ సొంతంగా గీస్తుంది. బొమ్మ చెదిరి మెనూ మాత్రం శుభ్రంగా ఉంటే అప్పుడు కేబుల్‌నో గ్రాఫిక్స్ కార్డునో అనుమానించాలి.

రెండు సెకన్ల లెక్క ఏమిటంటే, ఇలాంటి మానిటర్లలో సాధారణంగా తెర ఒక అంచున సన్నటి ఎల్ఈడీ స్ట్రిప్ ఉంటుంది. దాని మీద బియ్యపు గింజంత ఎల్ఈడీలు వరసగా, ఒకదానితో ఒకటి సిరీస్‌లో ఉంటాయి. వీటికి కరెంటిచ్చే డ్రైవర్ ఐసీ ప్రతి వరసనీ గమనిస్తూ ఉంటుంది. ఒక ఎల్ఈడీ తెగినా, టంకం వదిలినా ఆ వరసలో కరెంటు పారదు. వోల్టేజీ ఎంత పెంచినా పారకపోయేసరికి డ్రైవర్ ప్రమాదమనుకుని మొత్తం ఆపేస్తుంది. ఆ తేల్చుకోవడానికి పట్టే సమయమే మీ రెండు సెకన్లు. వెలుగు తగ్గిస్తే నిలబడుతోందంటే ఎల్ఈడీ పూర్తిగా చావలేదు, కొన ఊపిరితో ఉంది. తక్కువ కరెంటు అయితే మోస్తోంది, ఎక్కువైతే వదిలేస్తోంది. 100లో మూడేళ్లు నడిపితే స్ట్రిప్ వేడికి త్వరగా ముసలిదవుతుంది మరి.

డ్రైవర్ బోర్డు తప్పు కూడా అయ్యుండొచ్చు, అది మల్టీమీటర్ పెట్టి చూస్తే తెలుస్తుంది. స్ట్రిప్‌కి వెళ్లే కనెక్టర్ దగ్గర ఆన్ చేయగానే వోల్టేజీ ఎగిరి పడిపోతే తప్పు స్ట్రిప్‌ది. అసలు రాకపోతే బోర్డుది. రెంటిలో ఏదైనా ప్యానెల్ ధరలో నాలుగో వంతు కూడా కాదు.

ఇది చదివి ఎవరూ ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టుకోకండి. పవర్ బోర్డు మీద ఉండే పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైనే ఉంటుంది, ప్లగ్ పీకాక కూడా కాసేపు అలాగే ఉంటుంది.

నిడదవోలు_బీటెక్
సోమవారం, రాత్రి 10:20

సర్, మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాది ల్యాప్‌టాప్, 15.6 అంగుళాలు. ఏడాది వారంటీ అయిపోయింది. కుడివైపు నిలువుగా గులాబీ గీత ఒకటి వచ్చింది, ఇప్పుడు మూడయ్యాయి. ఇది కూడా బ్యాక్‌లైటేనా? టెన్షన్‌గా ఉంది, ప్రాజెక్ట్ వైవా దగ్గర పడింది.

సోల్డర్_గన్
సోమవారం, రాత్రి 10:41

కాదు తమ్ముడూ, నీది వేరే జబ్బు. హెచ్‌డీఎంఐతో టీవీకి తగిలించి చూడు, అక్కడ గీతలు లేకపోతే గ్రాఫిక్స్ బాగున్నట్టు. తర్వాత మూతని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ కదుపు. గీతలు మారుతున్నా, వచ్చి పోతున్నా మడత బందు దగ్గర నలిగే కేబుల్ కావచ్చు, అది చవక. కదిపినా చలనం లేకుండా అక్కడే ఉంటే ప్యానెల్ అంచున అతికించిన రిబ్బన్ వదిలినట్టు. దాన్ని మళ్లీ అతికించడానికి బాండింగ్ మెషీన్ కావాలి, ఊళ్లో రిపేరు షాపుల్లో ఉండదు. ప్యానెల్ మార్చడమే. ఎవరైనా "నొక్కి సరిచేస్తా" అంటే చేయించుకోకు, వారం తిరక్కుండా మళ్లీ వస్తుంది.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ చెప్పి కొనకు. పాత ప్యానెల్ విప్పించి వెనక స్టిక్కర్ మీద నంబరు ఫొటో తీసుకో. ఒకే మోడల్ ల్యాప్‌టాప్‌లో కూడా 30 పిన్నులవి, 40 పిన్నులవి వస్తాయి. పక్కన స్క్రూలు బిగించే చెవులున్నవి, లేనివి ఉంటాయి. ఫుల్ హెచ్‌డీ తీసి మామూలు హెచ్‌డీ వేసే ఘనులు కూడా ఉన్నారు. బిగించాక సెట్టింగ్స్‌లో 1920 × 1080 కనిపిస్తోందో లేదో చూసుకునే డబ్బివ్వు.

మిగతాది వేరే టాపిక్ పెట్టి అడుగు, ఇక్కడ కలగాపులగం అవుతుంది.

కోర్టు_మెట్లు
మంగళవారం, ఉదయం 7:05

నేను గుంటూరులో ప్రాక్టీసు చేసే న్యాయవాదిని. తెనాలి గారూ, మీరు రాసిన దాంట్లో ఒక ముక్క లేదు, అదే అడుగుతున్నాను. శనివారానికి ముందు, అంటే వారంటీ ఉన్న రోజుల్లో, ఈ మానిటర్ ఎప్పుడైనా మిణుకుమిణుకుమందా? కంపెనీకి ఫోన్ గానీ మెయిల్ గానీ చేశారా?

తెనాలి_ఆల్బమ్స్
మంగళవారం, ఉదయం 9:30

చేశానండీ! వారంటీ అయిపోవడానికి ముందే రెండు మూడు సార్లు తెర రెప్ప కొట్టినట్టు ఆరి వెలిగింది. టోల్ ఫ్రీకి ఫోన్ చేస్తే కేబుల్ మార్చి చూడమన్నారు. మార్చాను. తర్వాత కొన్నాళ్లు బాగానే ఉంది, వాళ్లు టికెట్ క్లోజ్ చేశారు. టికెట్ నంబరుతో వచ్చిన ఎస్ఎంఎస్, "మీ సమస్య పరిష్కారమైంది" అన్న మెయిల్ రెండూ ఉన్నాయి. ఇప్పుడు పనికొస్తాయా? క్లోజ్ చేశారు కదా అని వదిలేశాను.

కోర్టు_మెట్లు
మంగళవారం, ఉదయం 10:12

పనికొస్తాయా ఏమిటండీ, మీ కేసుకి ప్రాణం అవే. వారంటీ అయిపోయాక వచ్చిన లోపం వేరు, వారంటీలో ఉండగా చెప్పినా సరిచేయకపోతే ఆ తర్వాత ముదిరిన లోపం వేరు. రెండోదాన్ని "గడువు దాటింది" అనే ఒక్క మాటతో తోసిపుచ్చడం అంత తేలిక కాదు. ఇదివరకే చెప్పిన లోపం కొనసాగుతోందని మీరు రాతపూర్వకంగా అడగాలి. ఫోన్లో అరిస్తే లాభం లేదు.

మెయిల్ చేశాక పట్టించుకోకపోతే 1915. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడతారు. అది కోర్టు కాదు, తీర్పివ్వదు, మీ ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు రాబడుతుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే వేసుకోవచ్చు, కంపెనీ ఆఫీసు బెంగళూరులో ఉంటే అక్కడికి పరిగెత్తక్కర్లేదు. 69వ సెక్షన్ ప్రకారం వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్ల గడువు. వస్తువుకి చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. లాయరే కావాలని కూడా లేదు (మా వాళ్లు నన్ను తిట్టుకుంటారు గానీ ఇది నిజం). 2025 జనవరి నుంచి ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు.

ఒక్క మెలిక ఉంది. బిల్లు ఎవరి పేరు మీద ఉంది?

తెనాలి_ఆల్బమ్స్
మంగళవారం, ఉదయం 10:40

షాపు పేరు మీద ఉందండీ. కొన్న చోట వాళ్లే అలా రాశారు. నాకు జీఎస్టీ నంబరు లేదు.

కోర్టు_మెట్లు
మంగళవారం, ఉదయం 11:20

అనుకున్నాను. వ్యాపార అవసరానికి కొన్నవాడు ఆ చట్టంలో వినియోగదారుడు కాడు. కంపెనీ వకీలు మొదట పట్టుకునే పాయింటు ఇదే. కానీ 2(7) సెక్షన్ కిందే వివరణ ఒకటుంది: స్వయం ఉపాధితో, కేవలం తన జీవనోపాధి కోసం వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందికి రాదు. కుట్టుమిషన్‌తో బతికే దర్జీ, ఒక్క ఆటో నడుపుకునే డ్రైవరు, మీలాగా ఒక్కరే కూర్చుని ఆల్బమ్‌లు చేసుకునేవారు వినియోగదారులే. పదిమంది జీతగాళ్లతో స్టూడియో నడిపి పది మానిటర్లు కొని ఉంటే నేను ఈ మాట అనేవాణ్ని కాదు. మీరు రాసే ప్రతి కాగితంలో "నా జీవనోపాధి కోసం నేనే స్వయంగా వాడుకుంటున్నాను" అన్న వాక్యం మర్చిపోవద్దు.

కోటి_గల్లీ
మంగళవారం, మధ్యాహ్నం 1:15

అన్నా, ఈ కాగితాల పంచాయితీ ఎప్పటికి తెగాలె? సెక్షన్లు చదివేలోపల పెళ్లికొడుక్కి కొడుకు పుడతాడు, ఆల్బమ్ అప్పటికి ఇస్తావా? హైదరాబాద్ వచ్చే పనుంటే మానిటర్ పట్టుకొని రా. కోటి గుజరాతీ గల్లీలో ఎల్ఈడీ స్ట్రిప్పులు, డ్రైవర్ బోర్డులు దొరుకుతాయి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ (చెనాయ్ ట్రేడ్ సెంటర్) దగ్గర బాగు చేసేవాళ్లు కూడా ఉన్నారు. ఒక్క రోజు పని.

మా షాపుకి మొన్న ఒకాయన ఇట్లనే "ప్యానెల్ పోయిందన్నరు" అని తెచ్చిండు. విప్పితే పవర్ బోర్డు మీద బల్లి పడుకొని ఉంది, మాడిపోయి. బల్లిని తీసి, కాలిన ఫ్యూజు, ఒక మాస్‌ఫెట్ (కరెంటుకి స్విచ్ లెక్క పనిచేసే చిన్న భాగం) మార్చినం. నడుస్తుంది ఇప్పటికీ.

కోర్టు_మెట్లు
మంగళవారం, మధ్యాహ్నం 1:40

బల్లి సంగతి బాగుంది కానీ, తెనాలి గారూ, కంపెనీతో తేల్చుకునేదాకా బయట ఎక్కడా విప్పించవద్దు. ఒక్క స్క్రూ కదిలినా "బయటివాళ్లు చెడగొట్టారు" అంటారు. కమిషన్ దాకా వెళ్తే లోపం ఏమిటో ల్యాబ్‌లో పరీక్ష చేయించమనే అవకాశం ఉంది, అప్పుడు మీ దగ్గర విప్పని వస్తువు ఉండాలి.

కోటి_గల్లీ
మంగళవారం, మధ్యాహ్నం 2:02

అంటే న్యాయం గెలిచేదాకా అన్న టీవీల ఆల్బమ్ చేసుకుంటూ కూర్చోవాలా? సీలు పగలకుండా దాచుకోవడానికి అదేమన్నా దేవుడి పటమా?

సోల్డర్_గన్
మంగళవారం, మధ్యాహ్నం 2:30

ఇద్దరి మాటా ఒక దగ్గర కలుస్తుంది. వెలుగు 10లో పెడితే నడుస్తోంది కదా, లేయర్లు కత్తిరించే పనికి అది చాలు. కంపెనీకి గడువు పెట్టి రాయండి. ఆ గడువు దాటితే విప్పించండి. విప్పేముందు టార్చ్ పరీక్ష వీడియో తీసుకోండి, విప్పేటప్పుడు స్ట్రిప్ పరీక్ష కూడా తీయించండి. సర్వీస్ సెంటర్ వాళ్లు "ప్యానెల్ లోపం" అని రాసిచ్చిన జాబ్ షీట్ ఉంది. తీరా విప్పితే లోపం స్ట్రిప్‌లో ఉందని తేలితే, విప్పకుండా ఎస్టిమేట్ ఇచ్చారన్నదానికి అదే సాక్ష్యం.

లీడ్స్_లక్ష్మి
మంగళవారం, సాయంత్రం 6:48

అన్నయ్యా, ఇక్కడ ఇంగ్లండ్‌లో వారంటీ అయిపోయినా అమ్మినవాణ్నే అడుగుతారు, తయారుచేసినవాణ్ని కాదు. 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఆరేళ్లలోపు కోర్టుకి వెళ్లొచ్చు. కాకపోతే మొదటి ఆరు నెలలు దాటాక లోపం మొదటి నుంచీ ఉందని మనమే నిరూపించాలి. మా ఇంట్లో మానిటర్‌కి అలాగే సగం డబ్బులు వెనక్కి వచ్చాయి. అక్కడ అలాంటి నియమం లేదా?

కోర్టు_మెట్లు
మంగళవారం, రాత్రి 8:10

అమ్మా, ఆరేళ్ల వరం మనకి లేదు. వారంటీ కాగితంలో ఏముందో అదీ, లోపం ఎప్పటినుంచి ఉందన్నదీ, ఈ రెంటి మీదే నడుస్తుంది. అందుకే ఆ పాత టికెట్ కోసం అంత పట్టుబట్టాను. అమ్మినవాణ్ని కూడా ప్రతివాదిగా చేర్చవచ్చు, చేరుస్తారు కూడా.

చీరాల_సుబ్బు
మంగళవారం, రాత్రి 8:55

ఇంకో చిన్న విషయం. కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొడితే చూపించే వారంటీ తేదీని గుడ్డిగా నమ్మొద్దు. కొన్నిసార్లు గోడౌన్ నుంచి సరుకు బయటికి వెళ్లిన తేదీ నుంచి లెక్కేస్తారు. బిల్లు తేదీ దాని తర్వాతది అయితే బిల్లు అప్‌లోడ్ చేసి సరిచేయించుకోవచ్చు. మా ఆఫీసు ప్రింటర్‌కి అలా రెండు నెలలు కలిసొచ్చాయి.

తెనాలి_ఆల్బమ్స్
మంగళవారం, రాత్రి 9:20

సుబ్బు గారూ, చూశాను. నాది బిల్లు తేదీ నుంచే లెక్కేశారు, అక్కడ ఆశ లేదు. మెయిల్ ఇలా రాశాను, చూసి చెప్పండి:

"అయ్యా, మీ కంపెనీ మానిటర్ కొని నేను చాలా మోసపోయాను. మూడేళ్లకే పాడైపోయే వస్తువులు అమ్మడం మీకు న్యాయమా? నా వ్యాపారం దెబ్బతింటోంది, రోజుకి వేలల్లో నష్టం. వెంటనే కొత్త మానిటర్ ఇవ్వకపోతే సోషల్ మీడియాలో పెడతాను."

కోర్టు_మెట్లు
బుధవారం, ఉదయం 6:50

ఆవేశం తీసేయండి. "వ్యాపారం" అన్న మాట మీరే రాసిచ్చారు, వాళ్లకి అంతకంటే ఏం కావాలి? ఇలా మార్చండి:

"ఫలానా తేదీన కొన్న, ఫలానా సీరియల్ నంబరు గల మానిటర్‌లో తెర ఆరిపోయే లోపాన్ని వారంటీ అమల్లో ఉండగా ఫలానా తేదీన ఫలానా టికెట్ ద్వారా తెలియజేశాను. మీ సిబ్బంది వస్తువును పరిశీలించకుండా కేబుల్ మార్చమని చెప్పి టికెట్ ముగించారు. అదే లోపం ఇప్పుడు ముదిరి తెర పూర్తిగా ఆరిపోతోంది. ఈ మానిటర్‌ను నా జీవనోపాధి కోసం నేనే స్వయంగా వాడుకుంటున్నాను. వారంటీలో తెలియజేసిన లోపం కనుక ఉచితంగా సరిచేయాలని, సర్వీస్ సెంటర్‌లో వసూలు చేసిన 590 రూపాయలు తిరిగి ఇవ్వాలని కోరుతున్నాను. 10 రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

బిల్లు, ఎస్ఎంఎస్, మెయిల్, జాబ్ షీట్, టార్చ్ వీడియో లింకు జతచేయండి. సైట్‌లో "ఫిర్యాదుల అధికారి" అని ఒక మెయిల్ ఉంటుంది, కస్టమర్ కేర్‌తో పాటు దానికీ పంపండి.

బావమరిది_999
బుధవారం, ఉదయం 9:00

వకీలు గారూ, నా పెళ్లి ఆల్బమ్ ఇంకా రాలేదు, దానికి కూడా ఒక లెటర్ రాసిపెట్టండి.

తెనాలి_ఆల్బమ్స్
బుధవారం, ఉదయం 9:25

బావగారూ, మీది నా దగ్గర లేదు కదా? నాకు భయమేస్తోంది.

ప్రింట్_ల్యాబ్_వైజాగ్
బుధవారం, మధ్యాహ్నం 12:10

ఇక్కడ ఎవరూ పట్టించుకోని ఒక మాట చెప్తాను. వెలుగు 100లో పెట్టి మూడేళ్లు ఆల్బమ్‌లు చేశారా తెనాలి గారూ? మీ ల్యాబ్ వాళ్లని "ప్రింట్ డల్‌గా వచ్చింది, ముఖాలు నల్లగా పడ్డాయి" అని ఎన్నోసార్లు అనుంటారు. మా దగ్గరికొచ్చే గొడవల్లో ఎక్కువ ఇవే. తెర దీపంలా వెలుగుతుంటే ఫొటో దానికదే కాంతిగా కనిపిస్తుంది, మీరు ఇంకా ముదురు చేస్తారు. కాగితానికి సొంత వెలుగు లేదు. ప్రింటు పనికి తెర వెలుగు 120 నిట్ల (వెలుగుని కొలిచే లెక్క) దగ్గర పెట్టుకోవాలి. చాలా మానిటర్లలో అది మెనూలో సగానికి దిగువనే వస్తుంది. అలా వాడితే స్ట్రిప్ కూడా ఎక్కువ కాలం ఉంటుంది.

ఇంకోటి. స్ట్రిప్ మార్పిస్తే తెలుపు మారుతుంది. బజార్లో దొరికే స్ట్రిప్పులు ఎక్కువగా నీలం వైపు ఉంటాయి. ఎక్సెల్ చూసుకునేవాడికి తేడా తెలియదు. మీకు పట్టుచీర అంచు బంగారు రంగు నిమ్మపండు రంగులో కనిపిస్తుంది. మార్చాక తప్పకుండా కేలిబ్రేట్ చేయించాలి, అంటే పరికరం పెట్టి రంగులు సరిచేయించాలి.

సోల్డర్_గన్
బుధవారం, మధ్యాహ్నం 1:05

మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. అందుకే ఒకటి రెండు ఎల్ఈడీలే పోయినా వాటిని మాత్రం మార్చించొద్దు, స్ట్రిప్ మొత్తం మార్చమనండి. లేకపోతే అడుగున అక్కడక్కడ వేరే తెలుపు మచ్చలు కనిపిస్తాయి. పోయిన ఎల్ఈడీకి అడ్డంగా తీగ వేసి షార్ట్ చేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వెలుగుతుంది, కానీ అక్కడ నీడ పడుతుంది.

స్ట్రిప్ మార్చాలంటే గాజు పొరని లేపాలి. దాని అంచున వేలాడే పల్చటి రిబ్బన్లు చిరిగితే పైన తమ్ముడికి వచ్చినట్టు గీతలొస్తాయి, ఇక ప్యానెల్ చెత్తకుండీకే. లోపల వెలుగు పరిచే షీట్లు రెండో మూడో ఉంటాయి, వాటి వరస తప్పకూడదు, వేలిముద్ర పడకూడదు, దుమ్ము పోకూడదు. కాబట్టి "27 అంగుళాల మానిటర్ ప్యానెల్ ఎప్పుడైనా విప్పారా, పగిలితే ఎవరిది పూచీ?" అని ముందే అడగండి. నీళ్లు నమిలితే మానిటర్ వెనక్కి తెచ్చేసుకోండి.

తెనాలి_ఆల్బమ్స్
తర్వాతి వారం, గురువారం, రాత్రి 8:30

అప్‌డేట్. మెయిల్‌కి మొదట వచ్చింది రెడీమేడ్ జవాబు: "వారంటీ ముగిసినందున సహాయం చేయలేకపోతున్నాం." వెంటనే 1915కి ఫోన్ చేశాను. అమ్మాయి తెలుగులో ఓపిగ్గా రాసుకుంది, డాకెట్ నంబరు ఇచ్చింది. దాంతో కంపెనీలో కదలిక వచ్చింది. ఈసారి టోల్ ఫ్రీ గొంతు కాదు, కొంచెం పైవాళ్లే ఫోన్ చేశారు. పాత టికెట్ సంగతి ఒప్పుకోలేదు, కొట్టిపారేయనూ లేదు. "గుడ్‌విల్ కింద" ఎస్టిమేట్‌లో సగం తగ్గిస్తాం, 7,552 కట్టండి, కొత్త ప్యానెల్‌కి 90 రోజుల గ్యారంటీ అన్నారు. ప్యానెల్ రావడానికి మూడు నాలుగు వారాలట. 590 మాత్రం వెనక్కి వేస్తామన్నారు.

ఏం చేయను? పని నెత్తి మీద ఉంది.

కోర్టు_మెట్లు
తర్వాతి వారం, గురువారం, రాత్రి 9:02

ఒప్పుకోవద్దు. సగానికి దిగారంటే వాళ్లకీ భయముంది. ఈ-జాగృతిలో ఫిర్యాదు వేయండి, డ్రాఫ్ట్ నేను చూసిపెడతాను, ఫీజు వద్దు.

కోటి_గల్లీ
తర్వాతి వారం, గురువారం, రాత్రి 9:15

7,552 పెట్టి 90 రోజుల గ్యారంటీయా? అంతకంటే తక్కువలో స్ట్రిప్ అయిపోతది అన్నా.

సోల్డర్_గన్
తర్వాతి వారం, గురువారం, రాత్రి 9:40

కంపెనీ ప్యానెల్ వేస్తే స్ట్రిప్, గాజు, షీట్లు అన్నీ కొత్తవి. అది మంచి బేరం కాదని నేననను. కానీ మూడు నాలుగు వారాలు మీరు ఆగలేరు. కేసు అయితే నెలల మాట. లెక్క మీదే.

తెనాలి_ఆల్బమ్స్
ఆ తర్వాతి మంగళవారం, రాత్రి 10:05

కోర్టు_మెట్లు గారూ, కోప్పడకండి. విజయవాడ గవర్నర్‌పేటలో టీవీ ప్యానెళ్లు బాగు చేసే ఆయన దగ్గర చేయించేశాను. సోల్డర్_గన్ గారి ప్రశ్నలన్నీ అడిగాను. ఆయన నవ్వి, "పగిలితే ప్యానెల్ నేను కొనిస్తా, కానీ దుమ్ము చుక్క ఒకటి రెండు కనిపిస్తే తిట్టొద్దు" అన్నాడు. ఆ మాటతో నమ్మకం కుదిరింది.

ముందు బ్యాక్‌లైట్ టెస్టర్ పెట్టి చూపించాడు. స్ట్రిప్‌లో ఒక వరస అసలు వెలగలేదు. టెస్టర్ సూదులు ఒక్కో ఎల్ఈడీ మీద పెట్టుకుంటూ పోతే ఎడమ మూల దగ్గర ఒకటి గోధుమరంగుకి మాడి కనిపించింది. దాని కింద టంకం కూడా పగిలింది. అంతే, 15 వేల ఎస్టిమేట్ వెనక ఉన్నది అది. అంతా వీడియో తీశాను. గాజు లేపేటప్పుడు ఇద్దరు పట్టుకున్నారు, నేను కళ్లు మూసుకున్నాను. స్ట్రిప్ మొత్తం మార్చాడు. స్ట్రిప్, పనికి కలిపి 2,600 తీసుకున్నాడు, మూడు నెలల గ్యారంటీ బిల్లు మీద రాసిచ్చాడు. 590 కూడా నిన్న అకౌంట్‌లో పడింది.

వైజాగ్ మేడమ్ చెప్పినట్టే తెలుపు నీలంగా ఉంది. ఎడమ మూల కాస్త ఎక్కువ వెలుగుతోంది. దుమ్ము చుక్క ఒకటుంది, టాస్క్‌బార్ దగ్గర, వెతికితే తప్ప కనపడదు.

కోర్టు_మెట్లు
ఆ తర్వాతి బుధవారం, ఉదయం 7:15

కోపం లేదు గానీ, చేతికొచ్చిన కేసు వదిలేశారు. ఆ వీడియో, జాబ్ షీట్ పారేయకండి. 2,600 ఇప్పించమని ఇప్పటికీ అడగొచ్చు, రెండేళ్ల గడువు ఉంది. ముహూర్తాలు అయ్యాక ఒకసారి మాట్లాడండి.

ప్రింట్_ల్యాబ్_వైజాగ్
ఆ తర్వాతి బుధవారం, ఉదయం 10:30

ముందు అరగంట వెలగనిచ్చి, తర్వాత కేలిబ్రేటర్‌తో తెలుపు 6500 కెల్విన్, గామా 2.2, వెలుగు 120 నిట్లు పెట్టండి. కేలిబ్రేటర్ కొనక్కర్లేదు, పెద్ద ఫొటో స్టూడియోల దగ్గర ఉంటుంది, ఒక పూట అడగండి. మూల వెలుగు దాంతో పోదు. ముఖాల పని తెర మధ్యలో చేసుకోండి. కొత్తగా చేసిన పేజీ ఒకటి చిన్న సైజులో ప్రింటు వేయించి పక్కన పెట్టి చూశాకే మొత్తం ఆల్బమ్ పంపండి.

నిడదవోలు_బీటెక్
ఆ తర్వాతి బుధవారం, ఉదయం 11:00

అన్నా, ఆ విజయవాడ ఆయన ల్యాప్‌టాప్ ప్యానెళ్లు కూడా మారుస్తారా? నెంబరు పెట్టండి ప్లీజ్. నాది మూత కదిపినా గీతలు కదల్లేదు.

మోడరేటర్
ఆ తర్వాతి బుధవారం, ఉదయం 11:12

ఫోన్ నంబర్లు, షాపు పేర్లు బహిరంగంగా వద్దు, ప్రైవేట్ మెసేజ్‌లో ఇచ్చుకోండి. ల్యాప్‌టాప్ గీతల మీద ఇప్పటికే ఒక టాపిక్ నడుస్తోంది, తమ్ముడి ప్రశ్నని అక్కడికి మారుస్తున్నాను.

తెనాలి_ఆల్బమ్స్
ఆ తర్వాతి బుధవారం, మధ్యాహ్నం 12:40

తమ్ముడూ, మెసేజ్ పెట్టాను చూడు. ల్యాప్‌టాప్‌లవీ చేస్తాడు. పాత ప్యానెల్ నంబరు ఫొటో వాట్సాప్ చేస్తే సరుకు ఉందో లేదో ముందే చెప్తాడు, ఉత్తపుణ్యానికి బస్సెక్కకు. ఆదివారం షాపు ఉండదు.